శనివారాల కుర్చీ

మా సంఘంలో కార్యదర్శి పదవికి రాజీనామా లేదు. నియమావళిలో ఉంది, కాదనను. నెల రోజుల ముందు కాగితం ఇచ్చి తప్పుకోవచ్చని అచ్చులోనే ఉంది. కానీ మావాళ్లు అచ్చు ప్రకారం నడవరు, ఆనవాయితీ ప్రకారం నడుస్తారు. దిగిపోవాలనుకున్న మనిషి తన తరవాత కూర్చునే మనిషిని తానే వెతకాలి, తానే ఒప్పించాలి, నిండు సభలో లేచి ఆ కుర్చీ గొప్పతనం చెప్పి అప్పగించాలి. దానికి 'కుర్చీ మాట' అని పేరు. అది అయ్యేదాకా దిగడానికి వీల్లేదు. "మార్కెటింగ్ వాళ్లం గదమ్మా. మన కుర్చీ మనం అమ్ముకోలేకపోతే ఊరోళ్లకేటి అమ్ముతాం?" అని మా అధ్యక్షులు నవ్వేవారు. ఆయన మంచివారే. ఎరువుల కంపెనీలో మార్కెటింగ్ మేనేజరుగా చేసి రిటైరయ్యారు. కానీ ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఏడేళ్లు మండింది.

మాది విశాఖపట్నంలో మార్కెటింగ్ పనిలో ఉన్నవాళ్ల సంఘం. రంగులు అమ్మేవాళ్లు, సిమెంటు అమ్మేవాళ్లు, పాల ప్యాకెట్ల మీద మాటలు రాసేవాళ్లు, ఆసుపత్రులకు పేరు తెచ్చిపెట్టేవాళ్లు, అందరూ ఉంటారు. డాక్టర్లకు సంఘం ఉంది, లాయర్లకు ఉంది, లారీ ఓనర్లకు కూడా ఉంది, మనకెందుకు ఉండకూడదని ఎప్పుడో నలుగురు పెద్దలు మొదలుపెట్టారు. అమ్మేవాడంటే అబద్ధాలకోరు అనే మాట ఈ ఊళ్లో పోవాలన్నది వాళ్ల పట్టుదల. మా సభ్యత్వ కార్డు వెనక ఒకే ఒక్క సూత్రం ఉంటుంది: కొన్నాక తెలిసేది కొనకముందే చెప్పాలి. ఇంగ్లీషులో నాలుగు లైన్లు సాగే ఆ నియమాన్ని తెలుగులో ఇంత చిన్నగా కుదించింది నేనే. నా ఉద్యోగంలో నేను రాసిన వందలాది వాక్యాల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు, ఇప్పుడు దాన్ని చూస్తే సిగ్గేస్తుంది.

నేను కార్యదర్శిని ఎలా అయ్యానో చెప్పాలి. నా ముందు ఒక బీమా కంపెనీ మనిషి ఉండేవాడు, చాలా మర్యాదస్తుడు. ఒకరోజు మీటింగు అయ్యాక టీ కప్పు నా చేతికిచ్చి, "మీటింగు నెలకి ఒక్క శనివారమేనమ్మా. రెండు గంటలు. మీలాంటోలు ఉంటే సంఘానికి ఒక అందం" అన్నాడు. నేను సబ్బవరం దగ్గర పల్లెలో, రైతుల ఇంట్లో పుట్టినదాన్ని. మా ఇంట్లో ఆడపిల్ల వస్తువులు అమ్మే ఉద్యోగంలో చేరితేనే, వీధిన పడిందన్నారు. అలాంటిది నన్ను మైకు ముందు నిలబెట్టి 'కార్యదర్శి గారు' అంటారంటే గుండె ఉప్పొంగింది. ఆ శనివారం నేను ఒప్పుకున్నాను. కుర్చీ మాట చెప్పి అప్పగించాక ఆయన ఒక్క మీటింగుకు కూడా రాలేదు.

మీటింగు నెలకు ఒక్క శనివారమే, అది నిజం. రెండో శనివారం ద్వారకానగర్‌లో ఒక కాలేజీ సెమినారు హాల్లో. మిగతా శనివారాలు ఎక్కడికి పోతాయో ఆయన చెప్పలేదు. మొదటి శనివారం కమిటీ. మూడో శనివారం ఫిర్యాదులు, అంటే ఎవరైనా సభ్యుడు రాసిన ప్రకటన జనాన్ని తప్పుదోవ పట్టించిందని ఉత్తరం వస్తే ఇద్దర్నీ కూర్చోబెట్టి వినాలి. 'ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు' అని రాసిన ప్లాట్ల బోర్డు గురించి ఒకాయన స్టాప్‌వాచీ పట్టుకుని వచ్చాడు ఒకసారి. నాలుగో శనివారం డిగ్రీ పిల్లలకు శిక్షణ: బజారుకు తీసుకెళ్లడం, కొనేవాళ్లతో మాట్లాడించడం, ఏడాది చివర సర్టిఫికెట్లు. ఐదో శనివారం వస్తే ఆ నెల చేయలేకపోయిన పనులన్నీ దాని నెత్తిన పడతాయి. మా సభ్యులందరికీ శనివారం మధ్యాహ్నం నుంచి ఖాళీ కాబట్టి అన్నీ శనివారమే. నాకూ ఆఫీసు ఒంటిగంటకు అయిపోతుంది. ఆ ఒంటిగంట తరవాతి పూట ఏడేళ్లుగా నాది కాదు.

వదిలేసి పోవచ్చుగా, నిన్నెవరు తాళ్లతో కట్టేశారు అంటారు. నేనూ అనుకున్నాను. కానీ పిల్లల సర్టిఫికెట్ల మీద కార్యదర్శి సంతకం లేకపోతే ఆ కాగితం చెల్లదు, ఏటా ముప్ఫై నలభై మంది పిల్లలు నా సంతకం కోసం ఎదురుచూస్తుంటారు. మా కంపెనీ మేనేజరు సంఘం కమిటీలోనే ఉన్నాడు. ఈ ఊళ్లో మా వృత్తివాళ్లందరికీ ఒకరికొకరు తెలుసు, సంఘాన్ని నడిమధ్యలో వదిలేసిన మనిషి అని పేరు పడితే ఆ పేరు నాకంటే ముందు ప్రతి ఆఫీసుకూ వెళ్లి కూర్చుంటుంది. ఎప్పుడో ఒక కార్యదర్శి ఉన్నపళంగా బదిలీ అయి వెళ్లిపోతే రికార్డులన్నీ ఆయన ఇంటి అటక మీద ఉండిపోయి ఏడాదిపాటు సంఘం మూతపడిందట. ఆ ఆనవాయితీ పుట్టింది అప్పుడే. ఆయన పేరు ఇప్పటికీ తిట్టులాగే వాడతారు. నాకు ఆ తిట్టు కావాలని లేదు.

పోనీ ఆనవాయితీ ప్రకారమే పోదామని మనిషి కోసం వెతకడం మొదలుపెట్టాను. అక్కడ తెలిసింది అసలు సంగతి. పాము కాళ్లు పాముకే ఎరుక అంటారు. నేను టీ కప్పు చేతికివ్వగానే అవతలివాళ్లు కప్పు వెనక్కి ఇచ్చేవాళ్లు. రంగుల కంపెనీ ఆయన్ని "మీలాంటివాళ్లు ఉంటే సంఘానికి అందం" అన్నాను. ఆయన నవ్వి, "అందం మీతోనే సరిపోయింది మేడమ్" అన్నాడు. ఇంకొకామెకు ఆ పదవి వల్ల ఎన్ని పరిచయాలు పెరుగుతాయో వివరిస్తుంటే, సగంలో ఆపి, "మీరు లాభాలు మూడు చెప్పారు మేడమ్, ఇంక నష్టం ఒకటి చెప్పండి, అప్పుడు నమ్ముతాను" అంది. అమ్మేవాళ్ల మధ్య అమ్మడం ఎంత కష్టమో ఎవరూ ఏ క్లాసులోనూ చెప్పలేదు.

నాలుగో ఏట ఒక తెలివితక్కువ పని చేశాను. సభ్యులందరికీ ప్రశ్నల కాగితం పంపాను, సంఘం కార్యదర్శి ఎలా ఉండాలి, ఎవరైతే బాగుంటుంది అని. ఎవరో ఒకరి పేరు తేలుతుంది, ఆ కాగితాలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లవచ్చనుకున్నాను. మనిషి కావాలంటే వెళ్లి చేయి పట్టుకుని అడగాలి గానీ సర్వే చేస్తారా ఎవరైనా? మావాళ్లే చేస్తారు. అన్ని కాగితాల మీదా నా పేరే వచ్చింది. ఆ నెల మీటింగులో అధ్యక్షులు ఆ ఫలితాలు చదివి నాకు శాలువా కప్పారు. శాలువా కింద ఊపిరాడలేదు. నవ్వుతూ ఫోటో దిగాను.

ఇదంతా ఒక విసుగుగా, తిట్టుకుంటూ మోసే బరువుగా గడిచిపోయేదేమో, మా ఆయన చెవుల సంగతి లేకపోతే.

మా ఆయన పోర్టు దగ్గర ఓడలు బాగుచేసే ఒక యార్డులో సూపర్‌వైజరు. ఓడ పొట్టకు పట్టిన తుప్పును గీకి, గ్రైండరు పెట్టి రుద్ది, రంగు వేయిస్తారు. ఇనుము లోపల నిలబడి ఇనుమును కోస్తుంటే వచ్చే చప్పుడు ఎలా ఉంటుందో నేను ఒకసారి విని పారిపోయి వచ్చాను. నేను చేసేది కార్మికుల రక్షణ సామగ్రి అమ్మే కంపెనీలో. హెల్మెట్లు, బూట్లు, చేతి తొడుగులు, చప్పుడు పడకుండా చెవుల్లో పెట్టుకునే బిళ్లలు. గాజువాక చుట్టుపక్కల నేను చెవి బిళ్లలు అమ్మని కాంట్రాక్టరు లేడు. ఇంట్లో డబ్బాలకు డబ్బాలు పెట్టాను, మా ఆయన ఒక్కరోజు పెట్టుకోలేదు. "నాను అవి పెట్టుకుంటే పైనించి కుర్రోళ్లు కేకేత్తే ఎవడికి ఇనబడతాదే? ఎవడేనా కింద పడితే?" అనేవారు.

ముందు కాలింగ్ బెల్లు వినబడడం మానేసింది. తరవాత కుక్కరు విజిలు. నేను వంటింట్లోంచి పిలిస్తే పలకకపోతే అలిగారనుకునేదాన్ని, నేనూ అలిగేదాన్ని. అలా చాన్నాళ్లు ఒకరి మీద ఒకరం ఊరికే అలిగాం. ఆఖరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన పరీక్ష చేసి, పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నాడు. ఇలాంటి చెవుల్లో ముందు సన్నటి శబ్దాలు పోతాయట. మోటారు హోరు చాన్నాళ్లు వినబడుతుంది, ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు ముందు పోతాయట. ఆయన మామూలుగానే చెప్పాడు. నేను కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నాను. మా ఆయన నా వైపు తిరిగి, "ఏటంటన్నాడు?" అన్నారు. ఇంటికెళ్లాక చెప్తానన్నాను.

చెవికి మిషను కొన్నాం. పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తలలో మోగుతోందని తీసి బీరువాలో పెట్టేస్తారు. యార్డులో ఎటూ పెట్టుకోలేరు. ఆయన వారం సెలవు శనివారం. ఆదివారం డ్యూటీ. మిగతా రోజుల్లో నేను ఇల్లు చేరేసరికి ఆయన అలసిపోయి ఉంటారు, అలసిపోయినప్పుడు ఇంకా తక్కువ వినబడుతుంది. నిదానంగా, ఎదురెదురుగా కూర్చుని, మొహం చూస్తూ మాట్లాడుకుంటే ఇప్పటికీ నా మాట అందుతుంది. అలా కూర్చోవడానికి మాకున్నది శనివారం మధ్యాహ్నం ఒక్కటే. ఆ పూట నేను ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలా పాతిక నిమిషాలా అని తీర్పు చెబుతూ ఉండేదాన్ని.

ఒక శనివారం నేను చీర కట్టుకుని బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, "ఏటి సెక్రటరీ గారూ, మాకేటేనా అపాయింట్‌మెంటు ఉందా?" అన్నారు. ఎప్పుడూ అనే హాస్యమే. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "నీ మాట ఇనబడినన్నాళ్లు ఇనాలనుంది. ఆ తరవాత నువ్వు రోజంతా ఇంట్లో ఉన్నా నాకేటి లాభం?" అన్నారు. ఆ రోజు ఆటోలో వెళ్తూ ఏడ్చాను. పక్కన కూర్చున్నామె కళ్లలో ఏమైనా పడిందా అని అడిగింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అనేది అప్పుడు నాకు సామెత కాదు, శనివారం.

ఆ ఏడాదే ఒక అమ్మాయి సంఘంలో చేరింది. గాజువాక అమ్మాయి, ముప్ఫై దాటలేదు. ఒక కంటి ఆసుపత్రిలో ప్రచారం పని చూస్తుంది. వాళ్లది క్రైస్తవ కుటుంబం, తండ్రి బస్సు డిపోలో మెకానిక్కు. మీటింగుల్లో వెనక వరసలో కూర్చుని నోట్సు రాసుకునేది. మా సంఘంలో నోట్సు రాసుకునే మనిషిని చూసి నేను ఆశ్చర్యపోయాను. శిక్షణ శనివారాలు కూడా తనంత తానే వచ్చేది.

ఒకసారి పిల్లల్ని జాలరిపేట తీసుకెళ్లాం. అమ్మడం ఎలాగో అమ్మేవాళ్ల దగ్గరే చూడాలని మా సంఘం ఏటా పెట్టే పాఠం. పడవల పక్కన గంప పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ చేపలు రెండు కుప్పలుగా వేసింది. "ఇది తెల్లారగట్ల పడ్డది. ఇది నిన్నటిది" అని అడక్కుండానే చెబుతోంది. ఒక కుర్రాడు, నిన్నటిదని చెప్తే ఎవరు కొంటారమ్మా అన్నాడు. ఆవిడ కత్తి ఆపి వాడిని ఎగాదిగా చూసింది. "పులుసుకి కొంటారు. ఏపుడుకి పనికిరాదని నానే సెప్తాను. ఈయాల ఒకలికి అంటగట్టీసేననుకో, రేపు నా గంపకాడికి ఎవులొత్తార్రా, నువ్వొత్తావా?" అంది. పిల్లలు గొల్లుమన్నారు. ఆ అమ్మాయి నవ్వలేదు, రాసుకుంది. తిరిగొస్తుంటే నాతో, "అక్కా, మన కార్డు ఎనకాల ఉన్నది ఇదే గదా" అంది. అప్పటిదాకా మేడమ్ అనేది, ఆ రోజు నుంచి అక్కా అనడం మొదలుపెట్టింది.

నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది, నా కుర్చీ కొనేది ఈ అమ్మాయే అని. మనిషిని చూసి కొంటుందో లేదో చెప్పడం నాకు ఇరవై ఏళ్లుగా అన్నం పెడుతున్న విద్య. సంతోషం వేసింది. ఆ సంతోషం వెనకే ఏదో అసహ్యం కూడా వేసింది, దాన్ని పట్టించుకోలేదు.

వారం తిరక్కుండానే గాజువాకలో వాళ్ల ఆసుపత్రి పక్కన టీ కొట్లో కూర్చున్నాం. నేను ఎక్కువ చెప్పలేదు. నమ్మే మనిషికి ఎక్కువ చెప్పకూడదు. సంఘం కోసం ఏం చేయాలని ఉంది అని అడిగాను, ఆమే చెప్పుకుంటూ పోయింది. తోపుడు బళ్లవాళ్లకు బోర్డులు రాయించాలట, ఆసుపత్రుల ప్రకటనలకు వేరే నియమాలు కావాలట. కళ్లు మెరుస్తున్నాయి. ఇంత మనసు పెట్టి ఆలోచించిన మనిషి మా సంఘంలో ఇంకొకరు లేరు, నాతో సహా. అప్పుడు మెల్లగా కుర్చీ సంగతి చెప్పాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"నాను సెయ్యగలనంటారా అక్కా?"

"నువ్వు కాకపోతే ఎవరు చేస్తారు?"

ఆమె అడిగింది. "ఒక్కటే అక్కా. శనివారం సాయంత్రం మా చర్చిలో పిల్లలకి పాటల ప్రాక్టీసు ఉంటాది. పదిహేను మంది. నానే నేర్పుతాను, మా అమ్మ పోయిన కాణ్నుంచి అది నా పనే. అమ్మ నేర్పేది ముందు. అదొక్కటీ నాను ఒగ్గలేను. మన శిక్షణ సాయంత్రం లోపే అయిపోతాది గదా, అది కాక నెలకి ఎన్ని శనివారాలు పోతాయి?"

ఇంత సూటిగా ఏ కొనుగోలుదారూ నన్ను అడగలేదు. కొన్నాక తెలిసేది కొనకముందే అడిగేసింది. చెప్పాల్సిన జవాబు నా నాలుక మీదే ఉంది: అన్నీ పోతాయి. నాకు గుమ్మంలో నిలబడ్డ మా ఆయన కనిపించారు.

"మీటింగు నెలకి ఒక్క శనివారమే" అన్నాను.

అబద్ధం కాదు. మీటింగు ఒక్క శనివారమే. మా ఫిర్యాదుల కమిటీలో ఇలాంటి వాక్యాలను నేనే పట్టుకుని ఎందరిని నిలదీశానో! నిజాన్నే తెచ్చి నిజం మీద కప్పేస్తారయ్యా మీరు అని ప్లాట్ల బోర్డు వాడిని నలుగురిలో అన్నదాన్ని. చెప్పేవి శ్రీరంగనీతులు.

ఆమె ఊపిరి వదిలింది. "ఒక్కటైతే సర్దుకుంటానక్కా" అని నవ్వింది. టీ డబ్బులు తనే ఇస్తానని పట్టుబట్టింది. నేను బస్సెక్కేదాకా నిలబడి చేయి ఊపింది. గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందనే సామెత చిన్నప్పట్నుంచీ విన్నాను. ఆ సామెతలో గొర్రెనే తప్పుపడతారు, కసాయివాడికి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇంకా టైముంది, మీటింగు లోపల చెప్పేద్దాం అనుకున్నాను. ఆ రెండు వారాలూ ప్రతిరోజూ అనుకున్నాను. ఫోను తీసి, పెట్టేశాను.

రెండో శనివారం వచ్చింది. హాలు నిండింది. కుర్చీ మాట అంటే మావాళ్లకు పెళ్లి భోజనమంత సంబరం. ఆ అమ్మాయి తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పక్కన వాళ్ల నాన్న, ఇస్త్రీ చొక్కా వేసుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను లేచి మాట్లాడాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మేవాడంటే అబద్ధాలకోరు అనే మాట పోవాలని మన పెద్దలు ఎందుకు అనుకున్నారో చెప్పాను, ఈ సంఘంలో చదువుకున్న పిల్లలు ఇవాళ ఏ ఏ చోట్ల ఉన్నారో చెప్పాను, నాకు ఈ కుర్చీ ఏం ఇచ్చిందో చెప్పాను. అవన్నీ నిజాలే. చప్పట్లు కొట్టారు. ఆమె నాన్న కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు అధ్యక్షులు లేచారు. ఆనవాయితీలో చివరి ముక్క అది. సభ్యత్వ కార్డు తిప్పి, వెనకనున్న సూత్రం చదివి, సభ వైపు చూసి అడుగుతారు: "కొన్నాక తెలిసేది ఏదేనా ఉంటే, తెలిసినోళ్లు ఇప్పుడే సెప్పండి." ఇంత మంచి ఆనవాయితీ ఏ సంఘంలోనూ ఉండదని మేం కొత్తవాళ్ల దగ్గర గొప్పలు చెప్పుకుంటాం.

ఆ తండ్రీకూతుళ్లు కాక హాల్లో నలభై మంది ఉన్నారు. నలభై మందికీ తెలుసు. రంగుల కంపెనీ ఆయన ఫోను చూసుకుంటున్నాడు. నష్టం ఒకటి చెప్పమన్న ఆమె పైన ఫ్యాను చూస్తోంది. మా మేనేజరు వాచీ సర్దుకున్నాడు. ఎవరైనా ఒక్కరు నోరు తెరిస్తే రేపు ఆ కుర్చీ వాళ్ల దగ్గరికే నడిచి వస్తుంది, అదీ అందరికీ తెలుసు. ఏడేళ్ల కిందట నేను అదే ముందు వరసలో కూర్చున్నప్పుడు ఈ నిశ్శబ్దమే వచ్చింది. ఆ రోజు దాన్ని గౌరవం అనుకున్నాను.

అధ్యక్షులు నా వైపు తిరిగారు. నేను చెప్పవచ్చు. ఒక్క వాక్యం చాలు. ఆ అమ్మాయి కూడా నా మొహంలోకే చూస్తోంది, ఏ అనుమానమూ లేకుండా, నవ్వుతూ. నేను మంచినీళ్ల గ్లాసు అందుకుని తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఆయన "శుభం" అన్నారు. ఆమె లేచి "తీసుకుంటాను" అంది. మళ్లీ చప్పట్లు. రికార్డుల బీరువా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. రెండు చేతులూ చాపి తీసుకుంది.

తరవాతి శనివారం ఒంటిగంటకు ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికొచ్చాను. మర్రిపాలెంలో మాది రెండో అంతస్తు, చిన్న బాల్కనీ. మా ఆయన అప్పటికే రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి పెట్టారు. గడ్డం గీసుకున్నారు. యార్డుకు వెళ్లే మనిషి సెలవురోజు గడ్డం గీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. చేపల పులుసు తనే పెట్టారు, కారం ఎక్కువైంది, ఇద్దరం ముక్కులు ఎగబీలుస్తూ తిన్నాం. తరవాత వెళ్లి కూర్చున్నాం.

"ఇంక సెప్పు" అన్నారు.

"ఏం చెప్పను?"

"ఏదేనా. ఏడేళ్లది ఉంది గదేటి."

నేను చెప్పడం మొదలుపెట్టాను. స్టాప్‌వాచీ పట్టుకొచ్చినాయన సంగతి చెప్పాను, శాలువా సంగతి చెప్పాను. ఆయన నా పెదాల వైపే చూస్తూ, కొన్ని మాటలకు ముందుకు వంగుతూ, నవ్వాల్సిన చోట ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వుతూ విన్నారు. ఎంత బాగుందో చెప్పలేను. ఇంతసేపు ఒక మనిషి నా మొహం చూస్తూ నా మాట విని ఎన్నేళ్లయిందో! ఇదే నాకు కావలసింది, ఇదే ఆయనకూ కావలసింది. మూడున్నర అయి ఉంటుంది, నా ఒళ్లో ఫోను మోగింది. ఆ అమ్మాయి. అది మూడో శనివారం. ఫిర్యాదుల రోజు. ఆమెకు అప్పుడే ఎవరో చెప్పి ఉంటారు, లేదా ఎవరూ చెప్పకుండానే ఇద్దరు మనుషులు ఉత్తరాలు పట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంటారు. చర్చిలో పిల్లలు వచ్చే వేళ దగ్గరపడుతూ ఉంటుంది.

ఫోను తిరగేసి పెట్టాను. మా ఆయనకు మోత వినబడలేదు గానీ, నా ఒళ్లో వెలుగు అప్పటికే చూశారు.

"ఎవులు?"

"కొత్త సెక్రటరీ."

"ఎత్తవేటి?"

"తరవాత చేస్తాను."

ఆయన కొంచెంసేపు రోడ్డు వైపు చూశారు. తరవాత నా వైపు తిరిగి, "సంటిపిల్ల పాపం. శనివారాలన్నీ పోతాయని ముందే సెప్పీసేవు గదా ఆ పిల్లకి?" అన్నారు. అనుమానంతో కాదు. నేను చెప్పే ఉంటానని తెలిసే అడిగారు, నా నోటి నుంచి ఆ మాట వినడానికి అడిగారు.

"చెప్పాను" అన్నాను. తల వంచుకుని, మెల్లగా అన్నాను.

ఆయనకు అందలేదు. కుర్చీ ముందుకు జరిపి, చెవి వెనక అరచెయ్యి పెట్టి, నా పెదాల మీదే చూపు నిలిపి, "ఏటీ? ఇనబడ్నేదు. మళ్లీ సెప్పు" అన్నారు.

మళ్లీ చెప్పే అవకాశం అందరికీ రాదు. ఈసారి వేరే మాట చెప్పవచ్చు. ఫోను నా ఒళ్లో మళ్లీ వణుకుతోంది. నేను తలెత్తి, ఆయన మొహంలోకి చూసి, ఆయనకు బాగా తెలియాలని ఒక్కో అక్షరం విడదీసి, పక్కింటివాళ్లకు కూడా వినబడేంత గట్టిగా, "చెప్పాను" అన్నాను.

వినబడింది. ఆయన మొహం విచ్చుకుంది. "మంచి పని సేసేవు" అని, కుర్చీలో వెనక్కి వాలి, "ఊఁ, తరవాత?" అన్నారు.